ప్రేక్షకుణ్ణి తాకే నాటకం

'నాటకం' అనే మాట వినగానే మీ మనసులో ఏ దృశ్యం కదులుతుంది? చాలామందికి ఒక ఎత్తయిన వేదిక, దాని ముందు ఎర్రటి తెర, తెర లేవగానే రంగురంగుల దీపాలు, కింద చీకట్లో వరసగా కుర్చీలు గుర్తుకు వస్తాయి. నటులు పైన ఉంటారు, మనం కింద ఉంటాం. వాళ్లు మాట్లాడతారు, మనం వింటాం. నచ్చితే చప్పట్లు కొడతాం. నచ్చకపోతే లేచి వచ్చేస్తాం. ఏది జరిగినా వాళ్లకూ మనకూ మధ్య కనపడని గోడ ఒకటి ఉన్నట్లే లెక్క.

ఆ గోడను తీసేసిన నాటకాలు ఉన్నాయి. సినిమాలూ ఉన్నాయి. అవి కథ చెప్పి ఊరుకోవు. నటుడు మన పక్కన వచ్చి కూర్చుంటాడు. అతని చెమట వాసన మనకు తెలుస్తుంది. ఉన్నట్టుండి చెవి పక్కన కేక వినిపిస్తుంది. సినిమాలో అయితే కనిపించే బొమ్మకు సంబంధం లేని శబ్దం వచ్చి గుండెను కోస్తుంది. ఇలాంటి వాటిని పత్రికలవారు 'ప్రయోగాత్మకం' అంటారు. ఆ పేరు చూడగానే 'ఇవి మనకు కావులే, బాగా చదువుకున్నవాళ్లకు' అని పక్కకు తప్పుకొనేవారు ఎక్కువ. ఆ అభిప్రాయం తప్పని నా నమ్మకం. అలాగని ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేట్లు చేసిన ప్రతి ప్రయోగమూ గొప్పదని కూడా నేను అనను. వాటిలో వట్టి గోల చాలానే ఉంది. ఏది కావలసిన దెబ్బ, ఏది గోల అన్నది ప్రేక్షకుడే తేల్చుకోవాలి. అందుకు డిగ్రీలు అక్కరలేదు.

కొన్నేళ్ల కిందట సంపర్క తరగతుల కోసం ఖరగ్‌పూర్ వెళ్లాను. ఆ ఊరు పశ్చిమ బెంగాల్‌లో ఉంది. రైల్వే పనుల కోసం తరాల కిందట ఉత్తరాంధ్ర వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ వేలల్లో ఉన్నారు. ఆ రోజు పాఠం నాటకం గురించి. నేను ప్రయోగాత్మక నాటకం అనే మాట ఎత్తగానే వెనక వరసలో కూర్చున్న ఒకావిడ నవ్వింది. ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటూ పదో తరగతి పరీక్షకు చదువుతున్న మనిషి. "అయన్నీ మాకేటి తెలుస్తాయి మేడమ్? సదువుకున్నోళ్ల ఆటలు" అంది.

"చిన్నప్పుడు మీ ఊళ్లో నాటకమే చూడలేదా?" అని అడిగాను.

"ఎందుకు సూడ్నేదు? అమ్మమ్మోళ్ల ఊర్లో బాగోతం ఆడినారు. హిరణ్యకశిపుడు వచ్చినప్పుడు కాగడా మీద గుగ్గిలం కొట్టినారు. బుస్సుమని మంట లెగిసింది. ఆ వాసన ఇప్పుడికీ నా ముక్కుల్లోనే ఉన్నాది. నానైతే అమ్మమ్మ కొంగులో దూరిపోనాను."

ఆవిడ ఆ మాట అన్నాక నేను రాసుకువెళ్లిన పాఠం పక్కన పెట్టేశాను. నేను చెప్పదలుచుకున్నది ఆవిడే చెప్పేసింది. పద్యం ఆమెకు గుర్తులేదు. ఎవరు వేషం కట్టారో గుర్తులేదు. మంట గుర్తుంది, వాసన గుర్తుంది, దాక్కున్న కొంగు గుర్తుంది. ముప్పయి, నలభై ఏళ్లు దాటినా ఆ రాత్రి ఆమె ఒంట్లోనే ఉంది. గుగ్గిలం పొడిని గుప్పెడు తీసి కాగడా మీద చల్లితే మంట ఒక్కసారి మనిషెత్తు లేస్తుంది. విద్యుద్దీపాలు లేని రోజుల్లో మన భాగవతులవారు కనిపెట్టిన ఉపాయం ఇది. కంటికీ, ముక్కుకూ, చర్మానికీ ఒకేసారి తగులుతుంది.

తమిళనాడులో తంజావూరు దగ్గర మెలట్టూరు అనే ఊరుంది. నాయకరాజుల కాలంలో అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబాలవారు భాగవతమేళ నాటకాలను ఇప్పటికీ తెలుగులోనే ఆడుతున్నారు. నృసింహ జయంతి రోజుల్లో రాత్రంతా 'ప్రహ్లాద' నాటకం నడుస్తుంది. నరసింహుడి ముఖానికి పెట్టుకొనే కరాళాన్ని గుడిలో ఉంచి పూజిస్తారు. ఆ వేషం కట్టే ఆయన ఉపవాసం ఉంటారు. కరాళం తొడిగాక ఆయనకు ఆవేశం వస్తుంది. హిరణ్యకశిపుడి మీదకు నిజంగానే దూకకుండా ఇద్దరు ముగ్గురు ఆయనను గట్టిగా పట్టుకొని ఉండాలి. చూసేవాళ్లలో ఎవరూ అది నటనా, నిజమా అని అడగరు. వెనక్కి జరుగుతారు, చేతులు జోడిస్తారు.

ఇంత పాత విద్య ఉండగా దీనికి 'ప్రయోగం' అనే కొత్త పేరు ఎందుకు వచ్చింది? నగరాలలో నాటకం ఇంకొక దారి పట్టినందువల్ల వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో కలకత్తా, బొంబాయి వంటి ఊళ్లలో ఇంగ్లీషువాళ్ల పద్ధతిలో నాటకశాలలు కట్టారు. వేదిక ముందు చట్రం, తెర, టికెట్టు, నెంబరు వేసిన కుర్చీ వచ్చాయి. ప్రేక్షకుడు చీకట్లోకి, నటుడు వెలుగులోకి వెళ్లారు. ఆ పద్ధతిలో గొప్ప నాటకాలు వచ్చిన మాట నిజమే. మన తెలుగు పద్యనాటకం పెరిగింది కూడా ఆ చట్రంలోనే. కాని కూర్చొని, విని, వెళ్లిపోయే మర్యాద మనకు అక్కడే అలవాటయింది.

ఆ మర్యాద మీద యూరపులో గట్టిగా తిరగబడిన మనిషి ఫ్రాన్సు దేశస్థుడు ఆంతొనాఁ ఆర్తో. 1931లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆయన బాలి ద్వీపం నృత్యనాటకం చూశాడు. అక్కడ మాట కంటే దేహం, ముఖం, లయ ముందు నడవడం చూసి ఆశ్చర్యపోయాడు. ప్రేక్షకులను మధ్యలో తిరిగే కుర్చీల మీద కూర్చోబెట్టి చుట్టూ నాటకం ఆడాలని రాశాడు. తన ఆలోచనకు 'క్రూరత్వ నాటకరంగం' అని పేరు పెట్టాడు. పేరు భయపెట్టేదే. అయితే ఆయన చెప్పిన క్రూరత్వానికి అర్థం రక్తం చిందించడం కాదు. మనిషి తన నుంచి తాను తప్పించుకోలేనంత కచ్చితంగా నాటకం పట్టుకోవాలని ఆయన కోరిక. 1935లో 'చెంచీ' నాటకాన్ని అలా ఆడబోయాడు. చర్చి గంటల మోతను రికార్డు చేసి లౌడుస్పీకర్లలో హాలు నలుమూలల నుంచి వినిపించాడు. నాటకం పదిహేడు ప్రదర్శనలతో ఆగిపోయింది. ఆయన రాసిన పుస్తకం 1938లో వచ్చింది. నాటకం నిలవకపోయినా పుస్తకం మాత్రం ప్రపంచమంతా తిరిగింది. ఒక తూర్పు దేశపు ఆటను చూసి ఆయన నేర్చుకున్నదాన్ని మన నగరవాసులు మళ్లీ పడమటి నుంచి నేర్చుకోవలసి రావడం కొంచెం తమాషాగానే ఉంటుంది.

మన దేశంలో ఈ పనిని చాలా మామూలుగా, చాలా చవకగా చేసి చూపినవారు బాదల్ సర్కార్. ఆయన 1925లో కలకత్తాలో పుట్టారు. చదివింది సివిల్ ఇంజనీరింగు. వృత్తి నగర ప్రణాళిక. 1960లలో 'ఏవం ఇంద్రజిత్' నాటకంతో దేశమంతా పేరు వచ్చింది. అది చట్రం ఉన్న వేదికకు రాసిన నాటకమే. 1967లో 'శతాబ్ది' అనే బృందాన్ని పెట్టారు. 1970ల మొదట్లో, పేరు బాగా ఉన్న రోజుల్లోనే, వేదికను వదిలేశారు. పల్లె నాటకం మొదటిది, నగర నాటకం రెండోది, ఈ రెండింటి బలాన్నీ కలుపుకొనేది 'మూడో నాటకరంగం' అన్నారు.

ఆయన వాదం సూటిగా ఉంటుంది. సినిమా చేయలేని పని నాటకం ఏం చేయగలదు? మనుషులను మనుషుల ముందు నిలబెట్టగలదు. నటుడి నుంచి ప్రేక్షకుడికి ఒక సంబంధం ఉంది. ప్రేక్షకుడి నుంచి నటుడికి ఇంకొకటి. నటుడికీ నటుడికీ మధ్య ఒకటి. ఇవి కాక ప్రేక్షకుడికీ పక్కన ఉన్న ప్రేక్షకుడికీ మధ్య ఒకటి ఉంది. హాలులో దీపాలు ఆర్పేస్తే ఈ నాలుగింటిలో కొన్ని తెగిపోతాయి. అందుకని ఆయన ప్రేక్షకుల మీద కూడా వెలుగు ఉంచారు. వేదిక తీసేశారు. ఒక గదిలోనో, పార్కులోనో, ఊరి మధ్యలోనో ఆడారు. సెట్లు లేవు, మైకు లేదు, మేకప్పు లేదు. చెట్టు కావాలంటే నటులే చెట్టవుతారు, గోడ కావాలంటే గోడవుతారు. ఆట అయ్యాక గుడ్డ పరిస్తే ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చేవారు. సంచిలో పట్టే నాటకం కాబట్టి ఎక్కడికయినా తీసుకుపోవచ్చు.

1974లో వచ్చిన 'మిఛిల్' ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. మిఛిల్ అంటే ఊరేగింపు. ఇందులో ఖోకా అనే యువకుడు చంపబడుతుంటాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. పోలీసు వచ్చి ఎవరూ చనిపోలేదు, ఏమీ జరగలేదు, ఇళ్లకు పొండి అంటాడు. ఒక ముసలాయన ఇంటికి దారి చూపే నిజమైన ఊరేగింపు కోసం వెతుకుతుంటాడు. నటులు ప్రేక్షకుల మధ్య సందుల్లోంచి పరుగెత్తుతుంటారు. ఒక్కొక్క క్షణం ఒక్కొక్క ఊరేగింపు అవుతారు.

ఈ నాటకం హిందీ రూపాన్ని చదువుకునే రోజుల్లో ఢిల్లీలో ఒక కళాశాల మైదానంలో చూశాను. నేల మీద కూర్చున్నాం. దుమ్ము లేస్తోంది. ఖోకా వేషం వేసిన కుర్రవాడు ఒకసారి చచ్చిపోయి సరిగ్గా నా ముందు పడ్డాడు. అతని చేయి నా చెప్పు మీద పడింది. ఊపిరి ఎగపోస్తున్నాడు, చొక్కా తడిసిపోయింది. చెప్పు లాక్కోవాలా, వద్దా? లాక్కుంటే నాటకం పాడవుతుందేమో. లాక్కోకపోతే నేను కూడా అందులో ఉన్నట్లే. ఎదురుగా వలయంలో కూర్చున్నవాళ్లందరూ నన్ను చూస్తున్నారు. అదే సమయంలో పోలీసు వేషం వేసినతను ఎవరూ చనిపోలేదని చెబుతున్నాడు. చనిపోయినవాడి చేయి నా కాలి మీద ఉంది!

ఆ మాటే వేదిక మీద నుంచి చెప్పి ఉంటే 'ప్రభుత్వాలు అబద్ధాలు ఆడతాయి' అని తల ఊపి ఇంటికి పోయేదాన్ని. చివర్లో నటులు ఊరేగింపుగా నడుస్తూ ప్రేక్షకులకు చేతులు చాపారు. నా పక్కన ఉన్న పెద్దాయన, వయసు అరవై పైనే ఉంటుంది, మోకాళ్లు పట్టుకొని లేచి వాళ్లతో నడిచాడు. నేను లేవలేదు. ఎందుకు లేవలేదో చెప్పడానికి నాకు ఇప్పటికీ సరైన కారణం దొరకదు.

ఇక్కడ చదవడం ఆపి ఒక చిన్న పని చేయండి. ఇంట్లో ఉన్న ఎవరినయినా మీకు ఆరడుగుల దూరంలో నిలబడి 'నాకు ఆకలిగా ఉంది' అని చెప్పమనండి. తరువాత మీ భుజం మీద చేయి వేసి, మీ చెవి దగ్గర, గొంతు తగ్గించి అదే మాట చెప్పమనండి. మాట ఒకటే. రెండోసారి మీ ఒంట్లో ఏం జరిగిందో మీ నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాయండి. వచ్చే తరగతిలో ఎవరూ అడగకపోయినా ఫరవాలేదు.

దగ్గరితనం వల్ల నటుడికి కూడా రక్షణ పోతుంది. ఇది మరచిపోకూడదు. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో కార్మికుల కోసం 'హల్లాబోల్' వీధినాటకం ఆడుతుండగా జననాట్యమంచ్ బృందం మీద దాడి జరిగింది. సఫ్దర్ హష్మీ మరునాడు చనిపోయారు. నాలుగో తేదీన ఆయన భార్య మలయశ్రీ, బృందం అదే చోటుకు వెళ్లి ఆగిపోయిన నాటకాన్ని పూర్తిగా ఆడారు. ఎత్తయిన వేదిక మీద ఉన్న నటుడి దాకా చప్పట్లే వెళతాయి. వీధిలో నిలబడిన నటుడి దాకా కర్ర కూడా వెళుతుంది. ప్రేక్షకుణ్ణి ఇబ్బంది పెట్టే హక్కు నటుడికి ఎక్కడిదని అడిగేవారికి నేను మొదట చెప్పే జవాబు ఇదే. తాను కూడా ఇబ్బందికి సిద్ధపడ్డవాడికి ఆ హక్కు కొంత ఉంటుంది.

సిద్ధపడని వాళ్ల సంగతి వేరు. పేరు ఎందుకు గాని, ఒక నగరంలో ఒక బృందం ఆడిన 'కొత్త నాటకా'నికి నన్ను పిలిచారు. లోపలికి వెళ్లాక తలుపులు మూశారు. పొగ పెట్టారు. చెవులు చిల్లులు పడేట్లు రేకు డబ్బాలు వాయించారు. ఒక అమ్మాయి ముఖంలో ముఖం పెట్టి తిట్లు తిట్టారు. ఆ పిల్ల ఏడ్చింది. అయిపోయాక దర్శకుడు ఎంతో సంతోషంగా, ప్రేక్షకులు కదిలిపోయారు చూశారా అన్నాడు. గదిలో పొగ పెడితే ఎలుకలు కూడా కదులుతాయి! దేని గురించి కదిలించావయ్యా అంటే అతని దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొన్ని పెద్ద ఊళ్ల సినిమాహాళ్లలో కుర్చీ ఊగుతుంది, ముఖం మీద నీళ్లు చిలుకుతాయి, గాలి వీస్తుంది. జాతరలో రంగులరాట్నం ఎక్కినట్లు సరదాగానే ఉంటుంది. సరదాకు నేను విరోధిని కాను. అయితే ఇంద్రియాలను తాకిన ప్రతిదీ మనిషిని తాకినట్లు కాదు. గుగ్గిలం మంట హిరణ్యకశిపుడితోబాటు వచ్చింది కాబట్టే ఖరగ్‌పూర్ ఆవిడకు అన్నేళ్లు గుర్తుంది. ఊరికే మంట వేస్తే మరునాటికి మరచిపోయేది.

ఇక తేలికగా తేలని ఉదాహరణ ఒకటి చెప్పాలి. మణిపూర్‌కు చెందిన హైస్నాం కన్హయిలాల్ 1968లో ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయంలో చేరారు. భాష ఇబ్బంది ఒక ముఖ్య కారణంగా ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. చదువు మధ్యలో ఆగినవాళ్లు ఈ పుస్తకం చదివేవారిలో చాలామంది ఉంటారు కనుక ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇంఫాల్‌కు తిరిగి వెళ్లి 1969లో 'కళాక్షేత్ర మణిపూర్' పెట్టారు. భాష తనను ఓడించిన చోట, భాష తక్కువగా ఉండే నాటకాన్ని తయారు చేశారు. బాదల్ సర్కార్ ఇంఫాల్‌లో నడిపిన శిక్షణ శిబిరం కూడా ఆయనకు తోడ్పడింది. 1975లో వచ్చిన 'పెబెట్' ఒక చిన్న పిట్ట కథ. పిల్లి నుంచి పిల్లలను కాపాడుకొనే తల్లిపిట్ట కథను మణిపూర్ అమ్మమ్మలు పిల్లలకు చెబుతారు. ఆ నాటకంలో మాటలు బహు తక్కువ. కూతలు, ఊపిరి, గొంతులోని వణుకు, మోకాళ్ల మీద గెంతులు ఎక్కువ. భాష తెలియనివాళ్లకు కూడా పిల్లి ఎవరో తెలిసిపోతుంది. 1978లో ఇంఫాల్‌లో స్త్రీలే నడిపే సంతలో సరుకులు అమ్ముకునే ఆడవాళ్లతోనే 'నుపి లాన్' నాటకం ఆడించారు. ఇది చదువుకున్నవాళ్ల ఆట అనేవారు ఆ సంతకు ఒకసారి వెళ్లి రావాలి.

2000 సంవత్సరంలో ఆయన మహాశ్వేతాదేవి కథ 'ద్రౌపది'ని నాటకం చేశారు. పోలీసు, సైన్యం చేతుల్లో చిత్రహింసలకు, అత్యాచారానికి గురయిన సంథాల్ స్త్రీ కథ అది. చివర్లో ఆమె బట్టలు కట్టుకోవడానికి నిరాకరించి అధికారి ఎదుటికి నడిచి వెళుతుంది. ఆ పాత్ర వేసిన సావిత్రి, కన్హయిలాల్ గారి భార్య, అప్పటికి యాభై ఏళ్లు దాటిన మనిషి. వేదిక మీద ఆమె ఆ పని చేసి చూపారు. మణిపూర్‌లో పెద్ద గొడవ జరిగింది. ఆడది ఇలా చేయవచ్చునా, ఇది కళేనా అన్నారు.

ఆ ప్రశ్న వేసినవాళ్లందరూ మూర్ఖులని నేను అనుకోను. మన నాట్యశాస్త్రమే భయానకాన్నీ, బీభత్సాన్నీ రసాలలో చేర్చి, యుద్ధాన్నీ మరణాన్నీ అంకంలో కళ్లముందు చూపవద్దని కూడా చెప్పింది. ఎంతవరకు చూపవచ్చుననేది పాత ప్రశ్నే. నా మటుకు నేను ఒకటి చూస్తాను. ఆ దేహాన్ని చూసి ఎవరు సుఖపడుతున్నారు? మన సినిమాలలో అత్యాచార దృశ్యం వచ్చినప్పుడు కెమేరా చాలాసార్లు దౌర్జన్యం చేసేవాడి పక్కన నిలబడుతుంది. ప్రేక్షకుణ్ణి కూడా అక్కడే నిలబెడుతుంది. ఈ నాటకంలో సావిత్రి ఎదురుగా నడిచి వస్తుంటే అధికారి వెనక్కి జరుగుతాడు. ప్రేక్షకుడు చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల దించుకోవలసి వస్తుంది. ఆ సిగ్గు ఆమెది కాదన్న సంగతి అతనికి ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది. ఈ నాటకం అవసరమని నా అభిప్రాయం. దీనిని పిల్లలకు చూపాలా అంటే, వద్దు. ముందుగా చెప్పకుండా పెద్దలకు చూపాలా అంటే, అదీ వద్దు. ఏం జరగబోతుందో తెలిసి లోపలికి వచ్చినవాళ్ల మీద కూడా ఈ దృశ్యం తక్కువగా పనిచేయదు. దాచిపెట్టి అదరగొట్టవలసిన అవసరం బలహీనమైన నాటకాలకే ఉంటుంది.

నాలుగేళ్ల తరువాత, 2004 జూలై 15న, మనోరమ అనే యువతి హత్యకు నిరసనగా ఇంఫాల్‌లో పన్నెండు మంది స్త్రీలు, తల్లులు, కాంగ్లా కోట ద్వారం ముందు బట్టలు విడిచి నిలబడ్డారు. అప్పట్లో ఆ కోటలో అస్సాం రైఫిల్స్ దళం ఉండేది. ఆ ఏడాది నవంబరులో దళం కోటను ఖాళీ చేసింది. నాటకం చూసే వాళ్లలా చేశారని కొందరు రాశారు. ఆ మాట నేను అనలేను. వాళ్ల దుఃఖం వాళ్లది, దానిని నాటకం ఖాతాలో వేయడం న్యాయం కాదు. 2000లో నాటకాన్ని అసభ్యం అన్నవాళ్లు 2004లో ఆ తల్లులను ఆ మాట అనగలిగారా అన్నది మాత్రం ఆలోచించవలసిన సంగతి.

సినిమాకు ఈ దగ్గరితనం లేదు. తెర మీద ఉన్నది నీడే. చేయి చాపినా మనకు అందదు. అందుకని సినిమావాడు చెవిని పట్టుకోవాలి. 1960లో ఋత్విక్ ఘటక్ తీసిన 'మేఘే ఢాకా తారా' బెంగాలీ చిత్రం దీనికి సాటిలేని ఉదాహరణ. దేశ విభజన తరువాత కలకత్తా శివార్లలో కాందిశీకుల కాలనీలో బతికే కుటుంబం. పెద్ద కూతురు నీతా సంపాదన మీద ఇల్లంతా ఆధారపడి ఉంటుంది. అన్న సంగీతం, తమ్ముడి కోరికలు, చెల్లెలి చీరలు, అన్నీ ఆమె జీతంలోంచే. చివరికి ఆమెకు క్షయ మిగులుతుంది.

ఖరగ్‌పూర్ తరగతి వాళ్లకు బెంగాలీ వచ్చు కదా అని రెండోసారి వెళ్లినప్పుడు ఈ సినిమా చూపించాను. చిన్న టీవీ, కిటికీలోంచి వెలుగు, బయట రైళ్ల కూత. అంతకంటే అధ్వానంగా ఒక గొప్ప సినిమాను చూపడం సాధ్యం కాదు. నీతా తాను పెళ్లి చేసుకోవాలనుకున్న అతని గదికి వెళుతుంది. లోపల ఇంకొక ఆడమనిషి ఉన్నట్లు అర్థమవుతుంది. ఆమె మారుమాట లేకుండా వెనక్కి తిరిగి మెట్లు దిగుతుంది. ముఖంలో పెద్ద మార్పేమీ కనిపించదు. అప్పుడు కొరడా దెబ్బల చప్పుడు వినిపిస్తుంది. తెర మీద కొరడా లేదు, కొట్టేవాడూ లేడు.

జాకెట్లు కుట్టే ఆవిడ ముందుకు వంగి కూర్చుంది. "ఎవుల్ని కొడతన్నారు మేడమ్?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోపే ఆమె పక్కన కూర్చున్న ఇంకొక స్త్రీ, పదిహేనేళ్లప్పుడే బడి మానిపించి చెల్లెళ్లను చూసుకోమని ఇంట్లో ఉంచేసిన మనిషి, టీవీ మీంచి చూపు తిప్పకుండానే "ఆ పిల్లనేనే అప్పా" అంది. ఇద్దరూ మళ్లీ ఏమీ మాట్లాడలేదు. సినిమా అయ్యాక టీవీ ఆపబోతుంటే, ఆ మెట్లు దిగేది ఇంకొకసారి వేయమని అడిగారు. వేశాను.